ఏ దిక్కు కప్పుకున్నది

మహబూబ్‌నగర్,
1 డిసెంబర్ 2024, ఆదివారం.

అమ్మకు,

నీ పాదాలకు మొక్కి నీ కొడుకు సాయి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, బాపు, మగ్గం, ముగ్గురూ బాగున్నారని తలుస్తాను. మగ్గాన్ని మనుషుల్లో కలిపానని నవ్వకు. నీ ప్రతి ఉత్తరంలో బాపు మోకాళ్ళ సంగతి అయిపోగానే మగ్గం సంగతే వస్తుంది. అది కూడా ఇంట్లో ఒక మనిషికి ఒంట్లో బాగాలేనట్టే రాస్తావు.

నీ ఉత్తరం మంగళవారం చేరింది. పెన్సిల్‌తో రాస్తావు కనుక మడత పడ్డ చోట అక్షరాలు మసకబారాయి, అయినా అన్నీ చదువుకున్నాను. నాకు ఉత్తరం వచ్చిందంటే ఆఫీసులో అందరూ తలలెత్తి చూస్తారు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి, ఫోన్ లేదా అని అడుగుతారు. నేను నల్లగొండ హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు అన్న మాట నాకు గుర్తుంది. "ఫోన్ల మాట మగ్గం చప్పుడుల కలిసిపోతది బిడ్డా, కాయితం మీదిదైతే మల్ల మల్ల చదువుకుంట" అన్నావు. ఆ మాట వాళ్ళకు చెప్పను. చిట్యాల దగ్గర పల్లెటూరు, పాత అలవాటు పోలేదు అని మాత్రం చెప్పి తల దించుకుని పని చేసుకుంటాను. ఆ జవాబు ఇప్పుడు కాగితం మీద పెడితే నాకే బాగాలేదు.

నువ్వు అడిగిన వాటికి వరసగా చెప్తాను. కళ్ళలో చుక్కలు ఇక వేసుకోనక్కరలేదు, డాక్టరును మళ్ళీ అడిగాను. ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటింది, చూపు బాగానే ఉందంటే మందుతో పని లేదన్నాడు. బాపు మోకాళ్ళకు పంపిన నూనె వాసన వస్తోందని ఆయన పూసుకోవడం మానేశాడని రాశావు. వాసన నాకు తెలుసు, కొన్నప్పుడే ముక్కు మూసుకున్నాను. పూసుకొమ్మని నా మాటగా చెప్పు. నువ్వు లేని ఆరు రోజులూ బాపుకు సత్తమ్మ అత్త వండి పెడతానన్నదంటే నాకు ఫికరు తీరింది. పక్కింట్లో ఆమె లేకపోతే నువ్వు ఊరు కదిలేదానివే కాదు.

నా పని సంగతి అడిగావు. ఇంటింటి సర్వే కాగితాలు వచ్చాయి కదా, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళు, పేర్లు, వృత్తులు. వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. అంతకు మించి ఇబ్బంది లేదు.

ఇక ప్రయాణం. ఇరవయ్యో తారీఖు శుక్రవారం సాయంత్రం బండి. కాచిగూడ నుంచి చెన్నై ఎగ్మూరు పోయే బండి మహబూబ్‌నగర్ మీదుగానే వెళ్తుంది. నువ్వు గురువారమే చిట్యాలలో హైదరాబాదు బస్సు ఎక్కు. అక్కడ పెద్ద బస్టాండులో దిగితే మహబూబ్‌నగర్ బస్సులు వరసగా ఉంటాయి, ముందు సీటు చూసుకుని కూర్చో. ఇక్కడ బస్టాండులో నేను ఉంటాను. ఆ పూట నా గదిలో పడుకుని, మరునాడు అందరం కలిసి బండెక్కుతాం. మొత్తం తొమ్మిది మందిమి. మా వీణ మేడం వసంతలక్ష్మి గారు, ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళం ఏడుగురం, నువ్వు. నీకు కింది బెర్తే దొరికింది.

శనివారం పొద్దున దిగుతాం. చెన్నైలో ఈ నెలంతా పాట కచేరీలే అమ్మా. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఒక హాలు కాకపోతే ఒక హాలులో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. పొద్దుటి కచేరీలు చాలావాటికి టికెట్ ఉండదు, వెళ్ళి కూర్చోవడమే. మొదటి రోజు మైలాపూరు గుడి చూసుకుని దగ్గర్లో ఒక హాలుకు వెళ్తాం. రెండో రోజంతా కచేరీలు. మూడో రోజు సముద్రం, తర్వాత వీణలు తయారు చేసే ఒక ముసలాయన ఇల్లు. పనస చెక్కను తొలిచి వీణ కుండ చేస్తుంటే చూడొచ్చని మేడం చెప్పింది. ఆ రోజే సాయంత్రం తిరుగు బండి.

కచేరీలో కూర్చున్నప్పుడు మనం కూడా మెల్లగా పాడుకోవచ్చా అని అడిగావు. పెదవులు కదపొచ్చు, గొంతు పైకి రాకుండా. నీకు కష్టమే. మగ్గం మీద కూర్చుంటే సత్తమ్మ అత్త ఇంటి దాకా వినిపించేలా భజన పాటలు పాడే దానివి. చేత్తో తాళం వెయ్యి, అక్కడ అందరూ వేస్తారు. తపాలచెక్కలు తెమ్మంటావా అన్నావు. తే, బండిలో అందరం తినడానికి సరిపోయేన్ని తే. ఏ చీర కట్టుకోవాలి, నేసిందా కొన్నదా అని కూడా అడిగావు. నువ్వు నేసిందే కట్టుకో.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. "మేడం శాలువ ఏ దిక్కు కప్పుకున్నది?" అని. నిరుడు దసరా నుంచి ఇప్పటికి నాలుగు ఉత్తరాల్లో అడిగావు, నేను నాలుగుసార్లూ దాటేశాను. శాలువ ఎవరైనా భుజాల మీదే కప్పుకుంటారు కదా, ఇదేం ప్రశ్న అనుకున్నాను. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు కొన్ని సంగతులు చెప్పాలి. వాటి కోసమే ఇవాళ ఆదివారం తలుపు వేసుకుని కూర్చున్నాను. ఇందాకటి నుంచి బస్సులు, బెర్తులు, తపాలచెక్కలు అని రాసిందంతా అసలు సంగతి దగ్గరికి పోకుండా చుట్టూ తిరగడమే.

నీకు వీణ మీద ఎంత ఆశో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. మగ్గం గుంత పక్కన గూట్లో ఉండే రేడియోలో వీణ వస్తే అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపేసే దానివి. బాపు అరుస్తున్నా ఆపేసే దానివి. "గింత మంచిగ మాట్లాడుతది, గీ వీణ ఎట్లుంటదో ఒక్కసారి కండ్లతోని చూడాలె" అనే దానివి. బొమ్మల్లో తప్ప ఎన్నడూ చూడలేదు. నేను మూడేళ్ళ కింద ఇక్కడ వీణ క్లాసులో చేరానంటే ఊరంతా చెప్పుకున్నావట. నిజానికి నేను చేరింది కూడా నీ రేడియో వల్లనే.

క్లాసు మేడం వాళ్ళ ఇంట్లోనే. ఆమె రాజమండ్రి మనిషి, భర్త ఉద్యోగం వల్ల వచ్చి ఇక్కడే ఉండిపోయింది. చేరిన మొదటి నెలలో ఒకరోజు ఆమె ఏదో అడిగితే "గట్లనే మేడం, రేపు జర జల్ది వస్త" అన్నాను. అందరూ నవ్వారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన నరహరి గారని ఒకాయన ఉన్నాడు, ఆయన అదే మాటను నాలాగే అని చూపించాడు. చెడ్డవాడు కాదు, సరదా మనిషి. మేడం మాత్రం నవ్వలేదు, పాఠం మొదలుపెట్టింది. కానీ ఆ రోజు నుంచి నేను క్లాసులో నోరు తెరిచే ముందు మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. "అలాగేనండి", "వస్తానండి". కొన్నాళ్ళకు అదే అలవాటైంది. "నీ ఉత్తరంల మాట మనది కాదు, సర్కారు నోటీసు లెక్క ఉన్నది" అని నువ్వు ఒకసారి రాశావు. బాపు నీకు ఆపరేషన్ చేయించమని ఫోన్ చేసినప్పుడు కూడా నేను అండీ గిండీ అంటూ మాట్లాడానట, ఆయన అది చెప్పి చెప్పి నవ్వాడట కదా.

ఆపరేషన్‌కు నువ్వు ఇక్కడికి వచ్చి నా గదిలో ఆరు రోజులు ఉన్నావు. కట్టు విప్పిన రోజు నువ్వు అడిగిన మొదటి కోరిక ఏమిటో గుర్తుందా? "ఇగ కండ్లు వచ్చినయి కదా, గా వీణ చూపియ్యి బిడ్డా" అన్నావు. మేడం ఊళ్ళో లేదని చెప్పాను. అది అబద్ధం. ఆమె ఊళ్ళోనే ఉంది. ఆమె ఇల్లు నా గదికి రెండు వీధుల అవతల. నువ్వు మంచం మీద పడుకున్నాక కూరగాయలకని చెప్పి వెళ్ళి క్లాసులో కూర్చుని వచ్చాను కూడా. నువ్వు వస్తే నీ మాట వింటారు, నరహరి గారు మళ్ళీ అని చూపిస్తాడు, అప్పుడు నీ ముఖం ఎలా అవుతుందో అని నాకు నేను చెప్పుకున్నాను. నీ ముఖం గురించి కాదు, నా ముఖం గురించే భయపడ్డాను.

చూడని వీణనే నువ్వు ఊరికి పోయి నేశావు. క్యాలెండర్లో సరస్వతీ దేవి చేతుల్లోది చూసి గళ్ళ కాగితం మీద గీసుకుని, అడ్డం పోగుల పేక నూలుకు చిటికి ముడులు కట్టి, రంగులద్ది, నడుమ ఒక్క పెద్ద వీణ వచ్చేలా శాలువ నేసి, నిరుడు దసరాకు పంపావు. "మీ మేడంకు కప్పు, మా అమ్మ నేసిందని చెప్పు" అని చీటీ పెట్టావు.

విప్పి చూశాను. ఎరుపు మీద తెలుపు, అంచు నలుపు. అంత మంచి పని నీ చేతుల్లోంచి కూడా అంతకు ముందు రాలేదు. కానీ వీణ తిరగబడి ఉంది. చూసేవాళ్ళకు ఎడమ దిక్కున ఉండాల్సిన కుండ కుడి దిక్కున ఉంది. పేక నూలుకు బొమ్మ కట్టినప్పుడు మొదటి నాడె ఏ దిక్కు నుంచి వేస్తే బొమ్మ ఆ దిక్కుకు తిరుగుతుందని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. ఎటునుంచి వేయాల్సిందో అటునుంచి వేయలేదు. ఎడమచేతి వీణను తీసుకుపోయి వీణ మేడం వీపు మీద కప్పితే క్లాసంతా ఏమంటుందో తలుచుకున్నాను. మడత పెట్టి పెట్టెలో అడుగున పడేశాను. నీకేమో "కప్పాను అమ్మా, చాలా సంతోషపడింది" అని రాశాను.

ఆ తర్వాత డిసెంబరులో నువ్వు చెన్నైకి వస్తానన్నావు. వస్తే శాలువ ఏదని అడుగుతావు. అప్పుడు నెల మొదట్లో అక్కడ తుఫాను వచ్చి వీధులు మునిగాయి, నువ్వు కూడా టీవీలో చూశావు. అది నాకు సాకుగా దొరికింది. కచేరీలన్నీ ఆగిపోయాయి, ఈ ఏడాది ఎవరూ పోవడం లేదు అని రాశాను. ఆగలేదమ్మా. నెలాఖరుకు నీళ్ళు పోయాయి, కచేరీలు జరిగాయి, మేము వెళ్ళాం. నేను మూడు రోజులూ హాల్లో కూర్చుని వీణ విన్నాను. నా పక్క కుర్చీ ఒకటి ఖాళీగానే ఉండింది. ఒకామె వచ్చి "ఎవరైనా ఉన్నారా" అని సైగ చేస్తే లేరని తల ఊపాను.

ఇంతవరకు రాసిందే నీకు చాలు. కానీ దీని తర్వాతది ఇంతకంటే పెద్దది.

శాలువ పెట్టెలో ఊరికే పడి ఉంది కదా అని, శ్రుతిపెట్టె మోటారుబండి మీద తీసుకుపోతుంటే దెబ్బ తగలకుండా దానిలో చుట్టడం మొదలుపెట్టాను. నువ్వు రెండు నెలలు కూర్చుని నేసిన దాన్ని మూటగుడ్డ చేశాను. ఈ దసరాకు మేడం ఇంట్లో పూజ. వీణలన్నీ వరసగా పెట్టి పసుపు కుంకుమ పెడుతున్నారు. నేను మూట విప్పి శ్రుతిపెట్టె తీశాను. గుడ్డ పక్కన బల్ల మీద పడింది. మేడం అటు తిరిగి, చేతిలో కుంకుమ భరిణె పెట్టేసి దగ్గరికి వచ్చింది.

"ఎంత బావుందిరా సాయీ ఈ వీణ! కుండ, దండి, మెట్లు, అన్నీ ఎలా ఉండాలో అలా. ఎవరు నేశారు?" అంది.

నేను చూశాను. కుండ ఎడమ దిక్కునే ఉంది. వీణ సరిగ్గా ఉంది. గుడ్డ రెండో వైపు పైకి పడింది, అంతే.

అమ్మా, నేను నేత ఇంట్లో పుట్టినవాణ్ణి. మన బట్టకు లోపలి వైపు, బయటి వైపు ఉండవని, నూలుకే రంగు పట్టి ఉంటుంది కనుక రెండు దిక్కులా బొమ్మ ఒక్కలాగే తేటగా పడుతుందని, తిప్పితే ఎడమది కుడి అవుతుందని, బడికి పోకముందే నాకు తెలుసు. బజారులో కొనేవాళ్ళకు బట్టను అటూ ఇటూ తిప్పి చూపించే పని చిన్నప్పుడు నాదే. ఆ శాలువను ఏడాది పాటు పెట్టెలో పెట్టి, మూట కట్టి, విప్పి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తిప్పి చూడలేదు. తప్పు ఉందని ముందే తీర్మానించుకున్నవాడు తిప్పి చూస్తాడా? నీ పనిని నీ కళ్ళతో చూడడం మానేసి నరహరి గారి కళ్ళతో చూశాను.

ఎవరు నేశారని మేడం అడిగింది కదా. అందరూ నా వైపే చూస్తున్నారు. నవ్వే మనిషి ఒక్కరు లేరు, నరహరి గారు కూడా గుడ్డ అంచు పట్టుకుని పరీక్షగా చూస్తున్నాడు. "మా అమ్మ" అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను "ఊళ్ళో తెలిసినవాళ్ళండి" అన్నాను.

తెలిసినవాళ్ళు అన్నాను అమ్మా.

ఎందుకన్నానో నాకు తెలియదు. అమ్మ నేసిందంటే మరి ఇన్నాళ్ళు మూటగుడ్డగా ఎందుకు వాడావని అడుగుతారని భయపడ్డానో, మూడేళ్ళుగా అలవాటైన నోరు దానంతట అది అనేసిందో. మేడం శాలువను రెండు వైపులా తిప్పి చూసి, "ఆ తెలిసినవాళ్ళను నాకొకసారి చూపించు" అని మడిచి నా చేతికే ఇచ్చింది. ఇంటికి వచ్చి తిండి తినలేదు. ఇప్పుడు ఆఫీసులో సర్వే కాగితాల్లో వృత్తి దగ్గర 'నేత పని' అని రాసి ఉన్న ప్రతి పేరునూ ఎక్కిస్తున్నాను. వాళ్ళ కొడుకులో కూతుళ్ళో నిలబడి మా అమ్మ నేత పని చేస్తుంది అని చెప్తేనే కదా అది కాగితం మీదికి వచ్చింది. నేను చెప్పలేకపోయాను.

మేడంకు ఇంకా నిజం చెప్పలేదు. ముందు నీకు చెప్పకుండా ఆమెకు చెప్పి, ఆమె చేత మంచివాడివి అనిపించుకుని, ఆ ధైర్యంతో నీకు రాయడం నాకు ఇష్టం లేకపోయింది.

శాలువను రేపు పార్సిల్‌లో పంపుతాను. ఉత్తరం ముందు చేరి, అది వెనక రావాలని విడిగా పంపుతున్నాను. ఉతికాను. శ్రుతిపెట్టె మూల రుద్దుకుని అంచు దగ్గర ఒక చోట పోగులు లేచాయి. నీ చెయ్యి తగలగానే తెలిసిపోతుంది కనుక ముందే చెప్తున్నాను. అది నీది, ఎవరికి కప్పాలో నీ ఇష్టం. ఇదంతా చదివాక నీకు రావాలనిపిస్తే దాన్ని నీతో తెచ్చుకో, మేడంకు నీ చేతులతోనే కప్పు. నేను పక్కన నిలబడి, ఎవరు నేశారో అందరికీ వినిపించేలా చెప్తాను, మన మాటలోనే చెప్తాను. రావాలనిపించకపోతే నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. నీ బెర్తు మాత్రం నేను రద్దు చేయించను. చెన్నై దాకా ఖాళీగానైనా వస్తుంది. ఆ పక్కన కూర్చునేది నేనే కనుక అది నాకు తగిన శిక్షే.

నీ ప్రశ్న మిగిలింది. ఏ దిక్కు కప్పుకున్నది అని నాలుగుసార్లు ఎందుకడిగావో ఈ దసరా తర్వాత నాకు అర్థమైంది. మగ్గం మీద ఉండగానే బొమ్మ తిరగబడ్డ సంగతి నీకు తెలుసు. విప్పి మళ్ళీ నేయలేదు, నాకు చెప్పనూ లేదు. చెప్పేదేముంది, నా కొడుకు నేతోళ్ళ పిల్లగాడు, చూడంగనే తిప్పి కప్పుతడు అనుకున్నావు. తిప్పే కప్పానా అని మాత్రం అడిగావు. నీకు నా మీద ఉన్న నమ్మకం అంత.

ఏ దిక్కూ కప్పుకోలే అమ్మా. మేడం తాన తప్పు లేదు. నేనే ఇయ్యలే.

ఇట్లు,
చిట్యాల కాడి నేత పని చేసే వెంకటనర్సమ్మ కొడుకు,
సాయి